నానబోసిన మెంతులు

పోయిన వారం పొద్దున్నే సిద్దిపేట నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త తన కిరాయి గదిలో నిద్రలోనే కన్నుమూసింది. బాపు ఫోన్ పక్కన పెట్టి "అక్క పోయింది" అన్నాడు, అంతే. తోడబుట్టినవాడి ఇల్లుండగా ఆమె కిరాయి గదిలో ఎందుకు పోయిందో ఆయన ఎవరికీ చెప్పడు. అందుకే మీకు నేను చెబుతున్నాను.

నాయనమ్మ తొందరగా పోతే బాపును చంకనేసుకుని పెంచింది ఈమే. పెండ్లయిన కొన్నాళ్లకే భర్త చనిపోయి, దౌల్తాబాద్ దగ్గరి మా ఊరికి తిరిగొచ్చింది. మా బావి పక్కన పడావు పడ్డ జాగాలో రాళ్లేరి, పెంట ఎరువు పోసి మెంతి మళ్లు చేసింది. రాత్రి నానబోసిన మెంతులు పొద్దున చల్లేది. చేత్తోనే నీళ్లు చిలకరించేది. కూర పీకినప్పుడు వేళ్లను మడిలోనే దులిపేది. పిడికెడు మన్ను కూడా బయటికి పోనిచ్చేది కాదు.

నా కాన్పప్పుడు మెంతుల జావ కాచి దగ్గర కూర్చుని తాగించింది. నేను మొహం తిప్పుకుంటే, "చేదని మూతి ముడవకు బిడ్డా. నువ్వు మింగితెనే పొల్లకు పాలు" అనేది. షుగర్ ఉన్నవాళ్లు సలహా అడిగితే మాత్రం గదమాయించేది. "మెంతులు తినున్రి, గోలీలు బందు పెట్టకున్రి. నేను డాక్టర్నా?"

ఆ బావి జాగాను బాపు ప్లాట్లు చేసేవాళ్లకు అమ్మేశాడు. ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. ఆ రోజు నేను పుట్టింట్లోనే ఉన్నాను. తడి గుడ్డలో మెంతుల మూటతో బావి దగ్గరికి పోయిన మనిషి అట్లాగే తిరిగొచ్చింది.

"తమ్మీ, బాయికాడ హద్దురాళ్లు పాతుతున్రు. అమ్మినవా?"

బాపు కంచంలోంచి తల ఎత్తలేదు. "చెప్దామనే అనుకున్న అక్కా. నీకేం తక్కువైతది? గీ ఇంట్లనే తిను, ఉండు."

"తినుడు అడుగుతలేను. మెంతులు నానబోసిన. గివి ఏడ చల్లాలె?"

అమ్మ విసుక్కుంది. "పిడికెడు మెంతులకు గింత లొల్లా వదినే?"

ఆమె పోయి ఆ హద్దురాళ్ల మధ్యనే చల్లింది. అవి మొలిచాయి కూడా. రెండాకులు విచ్చుకున్నాక టిప్పర్ వచ్చి మొరం పోసింది. చదును చేయడం అయ్యేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది. ఏడవలేదు. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని సిద్దిపేట బస్సెక్కింది.

మార్కెట్ దగ్గర నేల మీద కూర్చుని, ఎవరో పండించిన మెంతికూర కొని అమ్మేది. పాత అలవాటుగా ఆ కట్టల వేళ్లు కూడా దులిపేది. మన్ను సిమెంటు గచ్చు మీద రాలేది. ఇంటికి రమ్మని ఒకసారి బతిమాలాను.

"మీ బాపు పంపిండా?"

"లేదు అత్తమ్మా."

"మరి నువ్వెందుకు పిలుస్తున్నవ్ బిడ్డా?" అని నాకు రెండు కట్టలు సంచిలో వేసింది.

ఆమె బతికుండగా బాపు ఆ మార్కెట్ వైపు పోలేదు. చనిపోయాక మాత్రం డప్పులు పెట్టించి, పాడె మీద పూలు కుమ్మరించాడు. "అక్కను మంచిగ సాగనంపిండు" అని ఊరంతా మెచ్చుకుంది. నాకు ఆ మాటలు వినబుద్ధి కాలేదు.

నిన్న ఆమె గది ఖాళీ చేయడానికి బాపూ నేనూ పోయాం. డాబా మీద సొట్టలు పడ్డ తట్టలో మన్ను పోసి ఆమె పెంచిన మెంతికూర ఏపుగా ఉంది. ఎవరూ నీళ్లు పోయక కొసలు కొంచెం వాలాయి. బాపు దాని మీద చెంబెడు నీళ్లు పోసి, తట్టను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చాడు.

జాగా అమ్మి కట్టిన ఇల్లు మాది. గేటు నుంచి పెరటి గోడ దాకా తెల్లటి టైల్సే, పిడికెడు మన్ను కనబడదు. బాపు తట్ట పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు, పెరట్లోకి పోయాడు, మళ్లీ వాకిట్లోకి వచ్చాడు. ఆయన నడిచినంత మేర టైల్స్ మీద బురద నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి.