ఉల్రిఖ్ వంశంలో రాయని పిల్లలు

అమెరికాలోని లాంకస్టర్ చుట్టుపక్కల, పాతకాలపు పద్ధతుల్లో బతికే మెనొనైట్ క్రైస్తవుల ఇళ్లలో పెళ్లిమాట వస్తే అబ్బాయి ఎవరి మునిమనవడో, అమ్మాయి ఎవరి సంతతో చెప్పడానికి లవీనా సెన్సెనిగ్‌కు కబురు వెళ్లేది. ఆమె పెళ్లి చేసుకోలేదు. పొద్దున్నే కోడిగుడ్లు ఏరి సంతకు పంపేసి, తక్కిన రోజంతా సమాధి రాళ్లూ పాత బైబిళ్ల తొలి పేజీలూ చదివేది. 1732లో జర్మనీ నుంచి ఓడెక్కి ఫిలడెల్ఫియాలో దిగిన ఉల్రిఖ్ అనే నేతగాడి వంశమంతా, ముప్పై ఏళ్లు కష్టపడి ఒక లావుపాటి పుస్తకంలోకి ఎక్కించింది.

ఆమె తమ్ముడి కూతురు ఎర్మాకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఇద్దరూ తొమ్మిది రోజులు నిండకుండానే పాలు తాగడం మానేసి, బిగుసుకుపోయి కన్నుమూశారు. మూడో కాన్పుకు ఇంకా ఆరు వారాలుంది. ఇది వంశంలో వచ్చే జబ్బేమోనని పట్నం డాక్టరుకు అనుమానం. అదే అయితే బిడ్డకు తల్లిపాలే పడవు. వేరే పాలపొడి ముందుగా తెప్పించుకోవాలి, కాన్పు ఆసుపత్రిలో జరగాలి. రెండు వైపులా ఇలాంటి చావులున్నాయేమో కనుక్కోమన్నాడు.

ఎర్మా భర్త ఐవన్ నోల్ట్ మాత్రం ఎప్పటిలా మంత్రసాని చాలన్నాడు.

"మా వైపు ఒక్క పసిగుడ్డు పోలేదత్తా. మీ పుస్తకమే చూడండి. మా తాత గుర్రం పేరు కూడా వదల్లేదుగా మీరు."

లవీనా చూసింది. అతనన్నట్టే ఉంది. అదే ఆమెకు నిద్ర లేకుండా చేసింది. ఇంటికి పదేసి మంది పిల్లలు, అయిదు తరాలు, ఒక్క పసికందూ పోకపోవడమేమిటి? పోయారు. రాయనిది తానే. మెనొనైట్లకు బాప్తిస్మం పెద్దయ్యాకే కాబట్టి పసివాళ్ల పేర్లు చర్చి చిట్టాలకు ఎక్కవు. పెరిగి పెళ్లాడిన వాళ్లనే వంశంలో లెక్కించడం అలవాటు. ఆమె కూడా ఆ అలవాటునే పట్టుకుపోయింది.

మర్నాడు ఐవన్‌నే బండి కట్టమని, నోల్టుల శ్మశానానికి తీసుకెళ్లమంది. అరిగిన రాళ్ల మీద అద్దంతో ఎండను ఏటవాలుగా పడేస్తే అక్షరాలు తేలతాయి. అద్దం అతని చేతికిచ్చి, తను మోకాళ్ల మీద కూర్చుని నాచు గీకింది. ఐవన్ ముత్తవ్వ సమాధి పక్కన జానెడేసి రాళ్లు నాలుగున్నాయి. పేర్లు లేవు, పుట్టిన, పోయిన తేదీలే ఉన్నాయి. ఎనిమిది రోజులు. ఏడు. తొమ్మిది. ఎనిమిది.

ఐవన్ అద్దం దించేశాడు.

"మాకెవరూ చెప్పలేదే."

"నేనూ రాయలేదు నాయనా."

సెన్సెనిగ్‌ల శ్మశానంలో అలాంటివి మూడు తేలాయి. రెండు వంశాల వరుసలూ పైకి పోతే ఉల్రిఖ్ దగ్గరే కలుస్తాయని ఆమె చెప్పింది. ఐవన్ అడిగాడు.

"అయితే ఇది ఎవరి వైపు నుంచి వచ్చినట్టు?"

"సగం నీ నుంచి, సగం దాని నుంచి. ఒక్కరి దగ్గరే ఉంటే ఏ బిడ్డా పోయేవాడు కాదని డాక్టరే అన్నాడు. ఎర్మాను ఎవరేమన్నా నువ్వీ మాటే చెప్పు."

ఐవన్ ఇంటికి పోకుండా బండిని నేరుగా డాక్టరు దగ్గరికి తోలాడు.

బిడ్డ ఆసుపత్రిలోనే పుట్టాడు. మొదటిరోజే రక్తం తీసి చూశారు. జబ్బు ఉంది. పాలపొడి కూడా సిద్ధంగా ఉంది. ఆ తర్వాత రోజులు లెక్కపెట్టడం తప్ప ఎవరికీ వేరే పనిలేదు. తొమ్మిదో రోజు లవీనా మంచం పక్కనే కూర్చుని, వాడి కాళ్లు బిగుసుకుంటున్నాయేమోనని గంటగంటకూ మెల్లగా మడిచి చూసింది. పదో రోజు తెల్లవారుతుండగా, సీసా అందించడం కాస్త ఆలస్యమైందని వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఎర్మా సీసా పట్టుకుని కూడా వెంటనే ఇవ్వలేదు. ఇంకాసేపు వింటూ కూర్చుంది.