రేపు పొద్దున్న చెబుతాను

కొత్త జాకెట్టు గుడ్డల కట్ట విప్పినప్పుడు ఒక వాసన వస్తుంది. గంజి, కాస్త రంగు, కాస్త గోనెపట్టా కలిసిన వాసన. ఈ రోజు పొద్దున్న కొట్టు తీసి, తాడితోట హోల్‌సేల్ బజారు నుంచి వచ్చిన కట్టకి తాడు కోస్తుంటే ఆ వాసన గుప్పుమంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. సూర్యంగారు. "అమ్మా పద్మా, నిన్న మావాడి సినిమా చూశావట కదా. ఇంకాసేపట్లో వాడు నీ దగ్గరికే వస్తున్నాడు. బాగుందని ఒక్క మాట అనమ్మా. మొదటిసారి వాడెంత నలిగిపోయాడో నీకు తెలుసు కదా. ఈసారి వాడి మనసు కష్టపెట్టకు." పెద్దాయన అదే మాట రెండుసార్లు అన్నారు. నాకు మామూలుగా కోపం ఎక్కువ, సలహాలు చెప్పేవాళ్ళ మీద ఇంకా ఎక్కువ. కానీ ఆయన మీద రాలేదు. "మురళిని రానివ్వండి," అని ఫోన్ పెట్టేసి, ఎదురుగా గోడ మీదున్న ఫోటో వైపు చూశాను. ఆ ఫోటోలో ఉన్నావిడ ఆయనకి స్వయానా అక్క. నేను కూర్చున్న ఈ కొట్టు ఆవిడదే. పేరు కనకరత్నం. మా వీధి వాళ్ళందరికీ రత్నం పిన్నిగారు. పోయిన వానాకాలంలో కాలం చేశారు.

మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. కొంచెం లావుగా ఉండేవారు. మెడలో గొలుసు ఉండేదో లేదో నాకు గుర్తులేదు గానీ కొలత టేపు మాత్రం ఎప్పుడూ ఉండేది. పక్కనే స్టీలు నీళ్ళ సీసా. ఇంటర్ అయ్యాక ఇంట్లో ఖాళీగా కూర్చుని అందరి మీదా విసుక్కుంటున్న నన్ను "నీ కోపం మా కొట్లో గుడ్డలు చింపడానికి పనికొస్తుందిలే, రా," అని లాక్కెళ్ళారు. రాజమండ్రి మెయిన్ రోడ్డు మీద, తమ్ముడు సూర్యంగారి మేడ కింద ఉండేది ఆ మ్యాచింగ్ సెంటర్. చీర తెస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ, లోపలి లంగా, ఫాల్, అన్నీ అక్కడే.

ఆవిడ కొట్లో ఒక పద్ధతి ఉండేది. ట్యూబులైటు కింద రంగు తేల్చడానికి వీల్లేదు. చీరా, గుడ్డా రెండూ పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడాలి. మబ్బు పట్టిందంటే అసలు అమ్మేవారే కాదు. ఒకసారి రావులపాలెం నుంచి ఒకావిడ పెళ్ళి పట్టుచీర తెచ్చింది. బయట కుండపోత. "బస్సు పోతుందండీ, ఆ మెరూన్ ముక్క ఇచ్చెయ్యండి, బాగానే ఉంది," అంటుంది ఆవిడ. "ఇక్కడ బాగానే ఉంటుందమ్మా. అది మెరూనో, కాఫీపొడి రంగో ఈ లైటు చెప్పదు. బస్సు పోతే ఇంకోటి వస్తుంది, జాకెట్టు పెళ్ళి ఫోటోలో ఉండిపోతుంది," అని పిన్నిగారు గుడ్డ మడతపెట్టి లోపల పెట్టేశారు. ఆవిడ తిట్టుకుంటూ వెళ్ళింది. మర్నాడు ఎండలో మళ్ళీ వచ్చింది. వచ్చి, చూసి, ఇంకో ముక్క తీసుకుంది. కొనడానికి వచ్చినవాళ్ళని తిప్పి పంపే కొట్టు నేను అంతకుముందు చూడలేదు, బాబోయ్.

సినిమాలకీ అదే పద్ధతి. ప్రతి శుక్రవారం కొట్టు నాకు వదిలేసి, కుదిరితే కొట్టు మూసి నన్నూ తీసుకుని, మ్యాట్నీకి వెళ్ళేవారు. ఎవరైనా పాసులిస్తే పుచ్చుకునేవారు కాదు, టిక్కెట్టు కొనుక్కునే వెళ్ళేవారు. హాల్లోంచి బయటికి రాగానే నేను ఆగలేకపోయేదాన్ని. "ఏంటి పిన్నిగారూ, అదిరిపోయింది కదా!" అనేదాన్ని. "ఊరుకోవే. రేపు పొద్దున్న చెబుతాను." నాకు ఒళ్ళు మండేది. సినిమా ఎలా ఉందో చెప్పడానికి తెల్లారాలా? ఓసారి అడిగేశాను కూడా. "హాల్లో చల్లగా ఉంటుంది, పాట చెవిలో ఇంకా మోగుతుంటుంది, పక్కవాళ్ళు ఈలలేస్తారు. అదంతా ట్యూబులైటే. పొద్దున్న గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడు ఏది గుర్తొస్తే అదే సినిమా," అన్నారు. ఇంకో గుర్తు కూడా చెప్పారు. సినిమా చూస్తూ చూస్తూ నీళ్ళసీసా మూత ఎక్కడ తీశామో జ్ఞాపకం పెట్టుకోమన్నారు. కథలో మునిగి ఉన్నంతసేపూ దాహం గుర్తు రాదట. నేను నవ్వాను. తర్వాతి శుక్రవారం నుంచి నేనూ గమనించడం మొదలుపెట్టాను.

శనివారం పొద్దున్న మా కొట్లో సగం మంది గుడ్డల కోసం వచ్చేవాళ్ళు, సగం మంది ఆ మాట కోసం. "పిన్నిగారూ, ఆ కొత్త సినిమాకి వెళ్ళొచ్చా?" అంటే ఆవిడ ముందు ఒకటే అడిగేవారు. "ఎవరితో?" అత్తగారితో అయితే ఒక మాట, కొత్త మొగుడితో అయితే ఇంకో మాట, పిల్లలతో అయితే మరో మాట. "నీ మొహం, ఆ సినిమాకి మీ ఆయన్ని తీసుకెళ్ళకు, హాల్లో గురక పెడతాడు. మీ ఆడపడుచుతో వెళ్ళు," అని ఒకావిణ్ణి పంపించారు. ఇంకోసారి, భర్త పోయి కొన్ని నెలలే అయిన ఒకావిడ వచ్చి, మనసు మళ్ళించుకోవడానికి సినిమాకి వెళ్దామనుకుంటున్నానని చెప్పింది. ఊరంతా మెచ్చుకుంటున్న సినిమా అది, పిన్నిగారికీ నచ్చింది. అయినా ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు వద్దమ్మా. రెండో సగమంతా ఆసుపత్రే. ఆ పక్క హాల్లో ఓ వెర్రి నవ్వుల సినిమా ఉంది, ఏమీ లేదు అందులో, అదే చూసి రా. ఇది తర్వాత చూద్దువుగాని," అన్నారు. సినిమా బాగుండటం వేరు, ఈ మనిషికి ఈ రోజు బాగుండటం వేరు అని నాకు అప్పుడు తెలిసింది.

అలా నడుస్తుండగా మురళి మొదటి సినిమా తీశాడు. మురళి అంటే సూర్యంగారి ఒక్కగానొక్క కొడుకు, పిన్నిగారి మేనల్లుడు, నా ఈడువాడే. పిన్నిగారికి పిల్లల్లేరు. చిన్నప్పుడు వాణ్ణి చంకనేసుకుని మ్యాట్నీలకి తిప్పింది ఆవిడే. మొగల్తూరు వైపు సముద్రం ఒడ్డున తీశాడు సగం సినిమా. విడుదల రోజు మా బజారు బజారంతా హాల్లోనే ఉంది. బయటికి రాగానే టపాకాయలు, దండలు, "సూపర్", "కేక". ఎవరో కుర్రాడు మైకు పట్టుకుని తిరుగుతుంటే సూర్యంగారు వాణ్ణి పిలిచి, "మా అక్కని అడుగు, ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆవిడ మాట మీదే వెళ్తారు," అన్నారు. మైకు పిన్నిగారి ముందుకొచ్చింది. ఆవిడ మురళి బుగ్గ నిమిరి, మైకులో, "రేపు పొద్దున్న చెబుతాను," అన్నారు. సూర్యంగారి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది గానీ కళ్ళు మారిపోయాయి.

పొద్దున్నే తండ్రీ కొడుకూ కొట్టుకి వచ్చారు. పిన్నిగారు మురళిని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి స్టూలు వేశారు.

"తల్లీ కొడుకూ ఒకే కంచంలో తింటూ పోట్లాడుకునే చోటుంది చూడు, అక్కడ నాకు ఏడుపొచ్చిందిరా. మా అమ్మ గుర్తొచ్చింది. ఇంటర్వెల్ దాకా నేను సీసా మూతే తియ్యలేదు. ఆ తర్వాత ఆ అబ్బాయి ఉన్నట్టుండి అంతమందిని పడేసి కొట్టాడు. ఎందుకు కొట్టాడురా?"

"మాస్ కోసం అత్తా."

"ఎవర్రా మాసు? నేను మాసు కాదా? ఈ పద్మ కాదా? మేం అడిగామా? అక్కణ్ణుంచి సినిమా అయిపోయేదాకా నీళ్ళు తాగుతూనే ఉన్నాను."

మురళి మొహం నల్లబడిపోయింది. "జాకెట్టు గుడ్డలమ్ముకునే నీకు సినిమా సంగతులేం తెలుసత్తా!" అన్నాడు. నేను చేతిలో కత్తెర కింద పడేసి లేచాను. ఆవిడ నన్ను చెయ్యి చూపించి ఆపి, "టిక్కెట్టు కొనుక్కుని చూశానురా, ఆ మాత్రం చెప్పొద్దా?" అన్నారు. మురళి విసురుగా వెళ్ళిపోయాడు. సూర్యంగారు మాత్రం కదల్లేదు. "సరే అక్కా, వాడికి చెప్పావు, అయిపోయింది. వచ్చేవాళ్ళకి మాత్రం బ్రహ్మాండంగా ఉందని చెప్పు," అన్నారు. ఆ మాట ముగిసేలోపే ఇద్దరు ఆడవాళ్ళు మెట్లెక్కారు. రావడం రావడమే మురళి సినిమా గురించే అడిగారు. పిన్నిగారు తమ్ముడి ముందే చెప్పారు. "మావాడే తీశాడమ్మా. మొదటి సగం కళ్ళకద్దుకుని చూడండి. రెండో సగం వాడికి కుదరలేదు. పిల్లల్ని తీసుకెళ్ళకండి."

వాళ్ళు వెళ్ళాక సూర్యంగారు ఒకటే అన్నారు. "నా గోడల మధ్య కూర్చుని నా కొడుకు పరువు తీస్తే ఊరుకోను. ఖాళీ చెయ్యి." ఆవిడ బతిమాలలేదు, పోట్లాడలేదు. పెళ్ళయిన కొత్తలో పెట్టుకున్న కొట్టు అది, ఆ గుమ్మంలోనే ఆవిడ జుట్టు తెల్లబడింది. మర్నాటి నుంచి కట్టలు కట్టడం మొదలుపెట్టారు. ఆటోలో మూటల మధ్య ఇరుక్కుని ఈ సందులోకి వస్తుంటే నేను ఆగలేకపోయాను. "ఒక్క మాట బాగుందంటే పోయేదేంటండీ మీకు?"

"వాడి రెండో సినిమా పోతుందే."

"మన కొట్టు పోయింది కదండీ!"

"కొట్టు ఇంకో సందులో దొరికింది. ఈ ఈలలూ చప్పట్లూ నిజమనుకుంటే వాడు మళ్ళీ అదే తీస్తాడు. అప్పుడు వాణ్ణి ఎక్కడ వెతుక్కోను?" అని, "తూర్పు ముఖం కొట్టు, వెలుతురు బాగుంటుంది," అన్నారు, అదేదో లాటరీ తగిలినట్టు.

బాధపడలేదని కాదు. సూర్యంగారు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసుకున్న రోజున పిన్నిగారు పొద్దున్నే తలంటుకుని, పట్టుచీర కట్టుకుని కొట్టుకి వచ్చారు. ఎవరైనా పిలవడానికి వస్తారేమోనని. సాయంత్రం దాకా ఆ చీరతోనే గుడ్డలు చింపారు. ఎవరూ రాలేదు. నాకు ఏడుపొచ్చి వెనక గదిలోకి వెళ్ళిపోయాను. మర్నాడు ఎవరో, మురళి సినిమా టీవీలో వేస్తున్నారట, చూడొచ్చా అని అడిగితే, "మొదటి సగం కళ్ళకద్దుకుని చూడండి," అని మళ్ళీ అదే చెప్పారు. అక్షరం మారలేదు. చాలాకాలానికి ఓ మబ్బు రోజున సూర్యంగారే గొడుగు మడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. "పాత కొట్లోకి వచ్చెయ్యక్కా." ఆవిడ తమ్ముడి తల తుడిచి, కాఫీ ఇచ్చి, "నువ్వు రావడం చాలురా. నేను మాత్రం ఈ వెలుతురు వదిలి రాను," అన్నారు.

ఆవిడ పోయాక కొట్టూ నాకే మిగిలింది, శనివారం మాటా నాకే మిగిలింది. ఇప్పుడు అది ఫోన్లో రికార్డు చేసి నెట్‌లో పెడతాను, మన జిల్లాల వాళ్ళు బాగానే చూస్తారు. "మేడం, మొదటి ఆట అవ్వగానే పెట్టండి, తెల్లారితే ఎవరు చూస్తారు?" అని హైదరాబాదు నుంచి సినిమావాళ్ళ ఫోన్లొస్తాయి. చూసేవాళ్ళే చూస్తారు. నేను శుక్రవారం సాయంత్రం నోరెత్తను.

కానీ ఈ రోజు వేరు. నిన్న మధ్యాహ్నం మురళి తన రెండో సినిమా మా అందరికీ ముందుగా వేసి చూపించాడు. పాసు వద్దని నేను గొడవ పెట్టుకుంటే, అమ్మే టిక్కెట్టు ఇంకా అచ్చే కాలేదని నవ్వాడు. విడుదలకి ఇంకా టైముంది. హాలంతా చప్పట్లే. వాడు నా దగ్గరికొచ్చి ఏమీ అడగకుండా, "రేపు పొద్దున్న వస్తాను," అన్నాడు. రాత్రంతా నాకు ఒకటే గుబులు. ఆవిడ చెప్పిందంటే మేనత్త, ఎత్తుకుని పెంచింది. నేనెవర్ని? ఈ మాటతో వాడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కకపోతే?

వచ్చాడు. గెడ్డం అక్కడక్కడా నెరిసింది. లోపలికి రాలేదు. స్టూలు తనే లాక్కుని గుమ్మంలో, ఎండలో కూర్చున్నాడు. "చెప్పు పద్మా."

చేతిలో కత్తెర పక్కన పెట్టాను. చెప్పాను. "ఇంటర్వెల్ తర్వాత కూడా చాలాసేపు మూత తియ్యలేదు మురళీ. పొద్దున్న కాఫీ తాగుతుంటే ఆ అక్కాచెల్లెళ్ళు వానలో తడి బట్టలు పిండుకునే సీనే కళ్ళముందుంది. కానీ చివర్లో ఆ తండ్రి నిలబడి అందరికీ నీతులు చెప్పడం మొదలెట్టాడు చూడు, అక్కడ తీశాను. సీసా అయిపోయింది."

వాడు కౌంటరు మీదున్న స్టీలు సీసా వైపు చూశాడు. "అత్తదేనా?"

"ఆయ్, ఆవిడదే."

"ఆ సీను నాకూ గుచ్చుకుంటూనే ఉంది. నిన్న దానికే అందరూ ఎక్కువ చప్పట్లు కొట్టారు."

"హాల్లో కొడతారు."

వాడు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. కోపమొచ్చిందనే అనుకున్నాను. తర్వాత ఫోన్ తీసి ఎవరితోనో, "ఆ క్లైమాక్సు మీద మళ్ళీ కూర్చుందాం, సాయంత్రానికి వచ్చేస్తాను," అన్నాడు. పెట్టేసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ రోజు అత్త మాటకి ఇలా కూర్చుని ఉంటే," అన్నాడు.

అంతలో ఒకావిడ చీర సంచీతో మెట్లెక్కింది. మురళిని గుర్తుపట్టలేదు. "పద్మగారూ, సూర్యంగారబ్బాయి కొత్త సినిమా వస్తోందట కదా. మీరు చూసేశారటగా, వెళ్ళొచ్చాండీ?" మురళి తల ఎత్తి నా వైపు చూశాడు. నేను ఆవిడ చేతిలో చీర అందుకుని, ఓ గుడ్డ ముక్క తీసుకుని, వాడి పక్కనుంచే గుమ్మం దగ్గరికి నడిచాను.

"చెబుతానండీ," అన్నాను. "ముందు ఎవరితో వెళ్తున్నారో చెప్పండి."