క్యాథరిన్ వద్దన్న రోజు

బోగోలులో బట్టలు కుట్టే క్యాథరిన్ ఎవరినీ కాదనలేని మనిషి. గుమ్మం ముందుకొచ్చి ఎవరేం అమ్మినా కొనేది. పండగ ముందురోజు బట్ట తెచ్చినా కుట్టిచ్చేది. అందుకే హాలిడే క్లబ్బు సభ్యత్వాలు అమ్మేవాళ్ల నుంచి, నెల్లూరు హోటల్లో ఉచిత భోజనానికి రమ్మని ఫోనొచ్చినప్పుడు, ఏం చెప్పినా ఆ రోజు సంతకం పెట్టకూడదని భర్త కిషోర్ బాబుతో ముందే అనుకుంది.

అక్కడ భానుప్రియ అనే అమ్మాయి అక్కా, అన్నా అంటూ వరసలు కలిపింది. ఒక్కసారి డబ్బు కట్టి సభ్యులైతే ఏటా వారం రోజులు ఊటీలోనో గోవాలోనో గది మీదేనంటూ వీడియోలు చూపించింది. భోజనాలయ్యేసరికి కిషోర్ బాబు మెత్తబడి పెన్ను అందుకున్నాడు.

క్యాథరిన్‌కు కాదనడం కష్టంగానే ఉంది. అయినా భానుప్రియను అడిగింది.

"ఏడాదేడాదీ కట్టేది ఏమన్నా ఉండాదా అమ్మా?"

"మెయింటెనెన్స్ ఉంటదక్కా, కొంచెమే."

"సెలవుల్లో గది దొరుకుద్దా?"

"ఖాళీ ఉంటే ఇస్తారక్కా."

"అయితే కాగితాలియ్యి, ఇంటికాడ చదువుకుంటాం."

"బయటికి ఇవ్వరక్కా. ఈ రేటు ఈరోజుకే."

"చదవనియ్యని కాగితం మీద సంతకం పెట్టం. మాకొద్దు," అని క్యాథరిన్ లేచి నిలబడింది.

మేనేజరు గబగబా వచ్చి ధర సగానికి తగ్గించాడు. ఆమె మళ్లీ వద్దంది. ఈసారి ఆ మాట అంత కష్టమనిపించలేదు. పక్క బల్ల దగ్గర ఓ పెద్దాయన, "మాకూ కాగితాలు ఇంటికియ్యండి," అంటూ పెన్ను కింద పెట్టేశాడు.

బయటికొచ్చాక కిషోర్ బాబు భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"నేనైతే సంతకం పెట్టేసుంటా," అన్నాడు.

క్యాథరిన్‌కు నవ్వు ఆగలేదు. ఇద్దరూ అట్నుంచి అటే మైపాడు బీచికి బస్సెక్కి, పొద్దుగుంకేదాకా అలల్లో నిలబడ్డారు.