ఈ ఆది జాకెట్టు ఎవరిది?

మహిళా శిక్షణ సంస్థలో కుట్టుపని బోధకురాలిగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ పొందిన రెండో ఏట, జూన్ నెల మొదటి సోమవారం నాడు, అమలాపురంలోని ఒక వీడియో గేముల స్టూడియోలో దుస్తుల పరిశీలకురాలిగా చేరాను. అక్కడ మూడేళ్లు ఉన్నాను. ప్రతి పనిదినాన జరిగినది ఆ సాయంత్రమే ఒక పొడుగు పుస్తకంలో రాసుకున్నాను. ఇందులోని కొలతలూ మాటలూ ఆ పుస్తకం నుంచి తీసినవే.

గేములు పూర్తిగా మా దగ్గర తయారయ్యేవి కావు. పెద్ద నగరాల కంపెనీలు తమ గేముకు కావలసిన మనుషుల వివరం రాసి పంపితే, ఆ బొమ్మలను చేసి ఇవ్వడం మా పని. మొదట కాగితం మీద స్కెచ్. తరువాత కంప్యూటర్లో మట్టిబొమ్మను మలిచినట్టు మలిచే మోడల్. ఆపైన రిగ్గింగ్, అంటే బొమ్మ లోపల ఎముకలూ కీళ్లూ అమర్చి కదిలేటట్టు చేయడం. చివర పరిశీలన పత్రం. మోడల్ చేసినవారు, నేను, యజమాని ముగ్గురమూ దాని మీద సంతకం చేస్తేనే బొమ్మ కంపెనీకి వెళ్తుంది. యజమాని ప్రసాదుగారిది కొత్తపేట. ముప్పై అయిదేళ్లవారు, ఎవరితోనైనా మెత్తగా మాట్లాడేవారు. ఆ మెత్తదనాన్ని మొదట్లో నేను అంగీకారమని పొరబడ్డాను.

నేను చేరిన రెండో వానాకాలంలో బెంగళూరు కంపెనీ ఒకటి గోదావరి వరదల మీద గేము తలపెట్టింది. ఆడేవారు ఏటి నడుమ ఉండే లంక గ్రామాల జనాన్ని లాంచీలో ఎక్కించి గట్టుకు చేర్చాలి. ప్రధాన పాత్రలు నాలుగు: ముగ్గురు మగవారు, ఒక స్త్రీ. ఆ స్త్రీ పేరు మాణిక్యం, లాంచీని నడిపే సరంగు. కంపెనీవారు ఆమెను గురించి రాసినది ఒక్క పంక్తి: నలభై అయిదేళ్లు, ఇరవై ఏళ్లుగా నది మీద పని.

ఆ బొమ్మను రాజోలు నుంచి రోజూ బస్సులో వచ్చే సువార్త అనే అమ్మాయికి అప్పగించారు. నాలుగేళ్లుగా ఆమె చేత చెట్లు, ఇళ్లు, పడవలే చేయించారు; మనిషిని చేయడం అదే మొదలు. మాణిక్యం ఆమోదం పొందితే ఆమె పాత్రల విభాగంలో స్థిరపడుతుంది. పొందకపోతే మళ్లీ చెట్ల దగ్గరకే వెళ్లాలి. ఈ సంగతి ప్రసాదుగారు ఆమెకు ముందే స్పష్టంగా చెప్పారు.

సువార్త చేసిన మాణిక్యానికి ముంజేతులు బలంగా ఉన్నాయి, పొట్ట ఉంది, మెడ ఎండకు కమిలి ఉంది. చీరను మోకాళ్లపైకి దోపి, పైన మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడిగింది. వారం తిరక్కుండానే ప్రసాదుగారు ఆ ఒంటిని తీయించి, ముఖం మాత్రం ఉంచి, స్టూడియోలో సిద్ధంగా ఉన్న స్త్రీ ఒంటిని దానికి అతికించమన్నారు. సువార్త చేయనన్నది. మరొకరి చేత చేయించారు. చొక్కా పోయింది. తడిసిన పలుచని జాకెట్టు, మోకాళ్లపైనే ఉండి బొడ్డు కిందికి జారిన చీర వచ్చాయి. కెమెరా వెనుక వైపు నడుము ఎత్తున నిలిచింది. ఆట ఆడేవారు ఏమీ చేయకుండా ఊరుకున్నప్పుడు మగవారిలో ఒకరు మోకు చుడతారు, ఒకరు చెమట తుడుచుకుంటారు, ఒకరు ఏటివైపు చూస్తారు. నలభై మంది జనంతో లాంచీ వరదలో ఊగుతూ ఉంటే మాణిక్యం మాత్రం నడుము మీద చేయి వేసుకుని వయ్యారంగా కదులుతుంది.

ఆ పత్రం నా బల్ల మీదకు వచ్చినప్పుడు ఒళ్లు మండిపోయి నేను రాసిన మొదటి అభ్యంతరం ఇది: "పైట సరిచేయవలెను. చీర మోకాళ్ల కిందికి దించవలెను." సువార్త దాన్ని చదివి పత్రాన్ని తిరిగి నా ముందుకు జరిపింది. తరువాత నెమ్మదిగా, "మా అమ్మ నాట్లేసేటప్పుడు చీర మోకాళ్ల పైకే దోపుద్దండి. ఆవిణ్ణి ఎవరూ అలా చూడరండి. ఈ బొమ్మకి బారెడు గుడ్డ చుట్టినా చూసేవోడి కన్ను నడుం మీదే ఉంటాదండి. కెమెరా అక్కడే పెట్టేరు గదండీ" అన్నది.

ఆమె చెప్పినది నిజం. గుడ్డ పెంచితే దోషం పోతుందని నేను అనుకున్నాను. దోషం ఒంటిని తయారుచేసిన ఉద్దేశంలో ఉంది. నా అభ్యంతరాన్ని ఎర్ర సిరాతో కొట్టివేసి, సంతకం నిరాకరించాను. ప్రసాదుగారు నా గదికి వచ్చి కూర్చున్నారు.

"మేడమండీ, ఆడ క్యారెక్టరంటే చూడగానే ఆడేవోడి చెయ్యి ఆగిపోవాలండి. ఆగలేదనుకోండి, కంపెనీవాళ్లు మన గుమ్మం మళ్లీ ఎక్కరండి. మీరు బట్టలు చూడండి, చాలు. ఒళ్లు మాకొదిలెయ్యండి."

"ఒళ్లు చూడకుండా గుడ్డ కత్తిరించే దర్జీని నేనింతవరకూ చూళ్లేదండి. ఇంతకీ ఈ ఆది ఎవరిది?" అని అడిగాను.

మా ప్రాంతంలో దర్జీ దగ్గరకు వెళ్లే స్త్రీ సాధారణంగా టేపుతో కొలతలు ఇవ్వదు. తనకు సరిగా పట్టిన పాత జాకెట్టు ఒకటి ఇచ్చి వస్తుంది. దాన్ని ఆది అంటాము. ఒకరి ఆదితో మరొకరి గుడ్డ కత్తిరిస్తే ఎంత నేర్పుగా కుట్టినా జాకెట్టు పాడైనట్టే. అందువల్ల నా తరగతిలో మొదటి రోజే నేర్పేది, ఆది మీద చీటీ కుట్టి పేరు రాయడం. స్టూడియోలోని ఆ ఒళ్లు ఎవరిదో ప్రసాదుగారికి తెలియదు. లోగడ పనిచేసి వెళ్లిపోయిన ఒకాయన ఇంటర్నెట్‌లో ఎక్కడో కొని తెచ్చారట.

రెండు రోజులు కూర్చుని పాత పత్రాలన్నీ తిరగేశాను. అంతవరకు మా స్టూడియో నుంచి వెళ్లిన స్త్రీ పాత్రలు పదకొండు. రాణి, వైద్యురాలు, దొంగ, నాయనమ్మ అందరికీ అదే ఆది. నాయనమ్మకు తల నెరిసింది, ముఖాన ముడతలు వచ్చాయి, మెడ దిగువన మాత్రం ఇరవై ఏళ్లే. మగవారికి లావు, సన్నం, గూని, ముసలి అంటూ ఏడు రకాల ఒళ్లు ఉన్నాయి. ఈ జాబితాను పుస్తకంలోకి ఎక్కిస్తున్నప్పుడు నా కలం రెండు చోట్ల కాగితాన్ని చింపింది.

సువార్త చేత ఆ బొమ్మకు కంప్యూటర్లోనే కొలతలు తీయించాను. అయిదడుగుల నాలుగంగుళాల ఎత్తుకు ఛాతీ నలభై, నడుము పంతొమ్మిది, భుజం పన్నెండు అంగుళాలు. నా వద్ద శిక్షణ పొందినవారి కొలతల పుస్తకాల్లో ఇరవై రెండుకు తక్కువైన నడుము ఒక్కటీ లేదు. ఆదివారం ఇంట్లో ఖాకీ కాగితం మీద గీత గీసి, తెల్లని నూలుగుడ్డ కత్తిరించి, ఆ కొలతలకే జాకెట్టు కుట్టాను. తప్పు నాదేమోనని రెండుసార్లు విప్పి మళ్లీ కుట్టాను. భుజాలు చాలక మెడ జారిపోతుంది. చంక దగ్గర గుడ్డ చాలక, చేయి ఎత్తితే జాకెట్టు మొత్తం పైకి వచ్చేస్తుంది. సరంగు చేతులు పొద్దంతా చక్రం మీద ఉండాలి.

సోమవారం దాన్ని ఖాళీ చీటీతో సహా ప్రసాదుగారి చేతిలో పెట్టాను. అమలాపురం మొత్తంలో ఏ స్త్రీకి పట్టినా సరే, ఆమె పేరు చీటీ మీద రాసి తెస్తే ఆ క్షణమే సంతకం చేస్తానన్నాను. ఆయన నవ్వి, "ఆయ్, అలాగేనండి" అని తీసుకువెళ్లారు. వారి భార్య ఒక పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయిని, సన్నగా చురుగ్గా ఉండే మనిషి. తరువాత ఆమే నాకు ఫోనులో చెప్పింది. ఒక చేయి దూర్చి చూసి, జాకెట్టు భర్త ఒళ్లో పడేసి, "ఇది నాకు కుట్టించేరా, దిండుకు కుట్టించేరా? ఇది పట్టే మనిషికి తిన్న అన్నం ఎక్కడికి పోతాదండీ?" అన్నదట.

గురువారం ఉదయం జాకెట్టు నా బల్ల మీదకు తిరిగి వచ్చింది. చీటీ ఖాళీగానే ఉంది.

"పేరు దొరకలేదండి" అన్నారు ప్రసాదుగారు. అయినా పూర్తిగా దిగిరాలేదు. సువార్త చెరపకుండా ఉంచుకున్న మొదటి బొమ్మను, స్టూడియో ఒంటి బొమ్మను రెండింటినీ కంపెనీకి చూపించి, వారు ఏది అంటే అది పంపుదామన్నారు. నేను ఒక్క షరతు పెట్టాను. ఊరికే నిలబెట్టి చూపకూడదు. రెండింటి చేతా ఒకే పని, అంటే లాంచీని ఎదురేటికి తిప్పడం, చేయించి చూపాలి. ఆయన ఒప్పుకున్నారు.

వీడియో సమావేశంలో కంపెనీ తరఫున చిత్ర విభాగం అధిపతి కూర్చున్నారు. తెలుగువారే, మితభాషి. మొదట స్టూడియో ఒంటి మాణిక్యం చక్రం పట్టుకుంది. జుట్టు అందంగా ఎగిరింది. బరువు పడగానే నడుము తోటకూర కాడలా మడతపడిపోయి, పక్కటెముకలు జాకెట్టులోంచి బయటికి పొడుచుకు వచ్చాయి. రెండోది సువార్త చేసినది. కాళ్లు ఎడంగా పెట్టి, బరువు వెనుక కాలి మీద వేసి, భుజాన్ని చక్రానికి ఆనించి తిప్పింది. వీపు మీద చొక్కా బిగిసింది. లాంచీ తిరిగింది.

అధిపతిగారు రెండోదాన్ని మళ్లీ వేయమన్నారు. మూడోసారి కూడా చూసి, ఇది ఎవరు చేశారని అడిగారు. సువార్త తలుపు అవతల నిలబడి ఉంది. ప్రసాదుగారే లేచి వెళ్లి ఆమెను లోపలికి తీసుకువచ్చి, "ఈవిడేనండి, మా సువార్త" అన్నారు. చొక్కా ఎందుకని అధిపతిగారి ప్రశ్న.

"మా వైపు పన్లోకెళ్లే ఆడాళ్లు చీర మీద మగోళ్ల చొక్కా తొడుక్కుంటారండి. ఎండకి చేతులు కాలవండి, ముళ్లకి గీసుకోవండి."

ఆయన, "వరదలో నేనైతే ఈవిడ లాంచీయే ఎక్కుతాను" అన్నారు. ఒక్క దిద్దుబాటు కూడా కోరలేదు. ఆ మధ్యాహ్నమే పరిశీలన పత్రం మీద వరుసగా సువార్త, నేను, ప్రసాదుగారు సంతకాలు చేశాము.

సువార్త ఆ నెలలోనే పాత్రల విభాగానికి మారింది; ఏడాది తిరిగేసరికి ఆ విభాగానికి పెద్ద అయింది. అనుమతి ఇచ్చిన స్త్రీల కొలతలతో ఎనిమిది రకాల ఒళ్లు తయారుచేసింది. పాతదాన్ని ప్రసాదుగారు నా ఎదుటే కంప్యూటర్లోంచి చెరిపివేశారు. గేము విడుదలైనప్పుడు చివర వచ్చే పేర్లలో మాణిక్యం రూపకల్పన కింద సువార్త పేరు ఒక్కటే ఉంది.

స్త్రీ బొమ్మను గురించి మర్యాద అని, అమర్యాద అని వాదిస్తే ఆ వాదం అభిరుచి దగ్గర ఆగిపోతుంది. అక్కడ ఎప్పుడూ యజమానిదే పైచేయి. ఆమె చేయవలసిన పనిని ముందు పెట్టి, ఈ ఒళ్లు ఆ పని చేయగలదా అని అడిగితే, యజమాని కూడా జవాబు చెప్పవలసి వస్తుంది. నా ఉద్యోగంలోని మిగిలిన రోజులన్నీ నేను ఆ ఒక్క ప్రశ్నే అడిగాను.