పళ్ళ డాక్టరు కుర్చీలో గడువమ్మ

గడువమ్మకు ఉద్యోగం పోయిందని, ఆ బాధలో మతి చెడిందని, ఆదివారం మిట్టమధ్యాహ్నం పళ్ళ డాక్టరు కుర్చీ ఎక్కి నడిరోడ్డు మీద ఊరేగిందని, రెండు పిడికిళ్ళూ పైకెత్తి కంపెనీ సారును నోటికొచ్చినట్టు తిట్టిందని ఆ వీధిలో చెప్పుకుంటారు. చెప్పేవాళ్ళలో చాలామంది ఆ రోజు వీధిలో లేనే లేరు. కళ్ళారా చూసింది మందుల షాపు ఆవిడ ఒక్కతే. అప్పుడు ఆవిడ కళ్ళద్దాలు గల్లాపెట్టె మీద ఉన్నాయి.

కుర్చీ మాట నిజమే. పిడికిళ్ళ మాటా నిజమే. మిగతాది మొదటి నుంచి చెప్పాలి.

గడువమ్మ అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. ఏ పని చేతికిచ్చినా ఆవిడ నోట మొదట వచ్చే మాట "గడువెప్పటికి?" అన్నదే. ఆసుపత్రులను, ఆఫీసులను ఒక భవనం నుంచి మరో భవనానికి సామానుతో సహా మార్చిపెట్టే కంపెనీలో ఆవిడ పదిహేడేళ్ళుగా ప్రాజెక్ట్ మేనేజర్. ఏ బీరువా ఏ లారీలో ఎక్కాలి, ఏది ముందు దిగాలి, ఎవరు ఎన్ని గంటలకు రావాలి అన్నది గోడంత చార్టు మీద రంగు పెన్సిళ్ళతో గీసేది. ఒక్కో చార్టుకు పదకొండు రోజులు పట్టేది. ఆ పదకొండు రోజులూ ఇంట్లో ఎవరూ ఆవిడతో మాట్లాడే సాహసం చేసేవాళ్ళు కాదు.

ఈసారి పళ్ళ ఆసుపత్రి. అదే వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి పదకొండు కుర్చీలు మారాలి. సోమవారం ఉదయం ఎనిమిదికి కొత్త భవనంలో మొదటి రోగి నోరు తెరవాలి. కంపెనీ కొత్తగా తెప్పించిన ఏఐకి గడువమ్మ వివరాలన్నీ చెప్పి, కప్పులో టీ పోసుకుంది. ఊదుకుని మొదటి గుక్క తాగేలోపు ప్లాను వచ్చేసింది. తప్పు పట్టాలని కళ్ళు చికిలించి రెండుసార్లు చదివింది. ఒక్క తప్పు దొరికింది. అది ఆవిడదే. కుర్చీలు పది అని చెప్పింది.

ఏడుపు రావలసిన చోట గడువమ్మకు నవ్వొచ్చింది. ఆ చార్టులంటే ఆవిడకు మొదటి నుంచీ ఒళ్ళుమంట. పదకొండు రోజులు ఎవరో మూటగట్టి ఒళ్ళో పెట్టినట్టయింది. పెన్సిళ్ళన్నీ డబ్బాలో వేసి మూత పెట్టి, వరండాలో ఎవరూ లేకుండా చూసి ఒక గంతు కూడా వేసింది.

ఆ గంతు పూర్తిగా నేలకు దిగకముందే సారు పిలిచాడు.

"చూడమ్మా, ప్లాను అదే వేస్తోంది. ఉత్తరాలు అదే రాస్తోంది. గుర్తు చేయడం, మీటింగులో ఎవరేమన్నారో రాసుకోవడం, అన్నీ అదే. మరి నువ్వేం చేస్తావో ఒక్క ముక్కలో రాసి సోమవారం నా చేతికివ్వు. పైవాళ్ళకు నేను చెప్పుకోవాలి."

"ఆ ఒక్క ముక్క దొరక్కపోతే సార్?"

సారు బల్ల మీది గుండుసూదుల డబ్బా వైపు చూశాడు. "దొరకాలనే కోరుకుంటున్నా."

ఇంటికి వచ్చి చెబితే, బట్టలు కుట్టే భర్త మిషను ఆపలేదు. "నన్నడిగితే 'కొలత తీస్తా' అంటాను. నువ్వేం చేస్తావబ్బా?"

"అదే తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతాను?"

"ఫోన్లో అరుస్తుంది అని రాయమనరా," అంది అత్తగారు మంచం మీది నుంచి. "పదిహేడేళ్ళుగా నాకు వినబడేది అదే."

గడువమ్మ ఆ ముక్క కూడా ఏఐనే అడిగింది. అది పన్నెండు వాక్యాలిచ్చింది. సమన్వయ సారథి, లక్ష్యసాధన దిక్సూచి అంటూ ఒకదాన్ని మించి ఒకటి. పైకి చదివి వినిపిస్తే అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విని, "వీళ్ళంతా ఎవరే?" అంది.

శుక్రవారం సాయంత్రానికి ప్లానులో అన్ని గళ్ళూ పచ్చరంగులోకి మారాయి. లారీలు సరే, కూలీలు సరే, కరెంటు సరే. కుర్చీలు విప్పి బిగించే మెకానిక్ దగ్గర నుంచి కూడా జవాబు వచ్చి ఉంది: 'గౌరవనీయులైన మేడమ్, మీరిచ్చిన ఈ చక్కటి అవకాశానికి ధన్యవాదాలు. ఆదివారం ఉదయం ఆరు గంటలకు తప్పకుండా హాజరవుతామని సంతోషంగా తెలియజేస్తున్నాము.'

గడువమ్మ అది చదువుతూనే లేచి నిలబడింది. ఆ మెకానిక్ పదిహేడేళ్ళలో 'తప్పకుండా' అన్నది ఒక్కసారే. ఆ రోజు రాలేదు. మామూలుగా ఎన్ని రోజులు బతిమాలినా పైకప్పు చూసి, చెవి గోక్కుని "చూద్దాంలే" అంటాడు. చూద్దాంలే అన్నాడంటే అరగంట ముందే వచ్చి గేటు దగ్గర బీడీ కాలుస్తుంటాడు. అతను లేకపోతే ఒక్క కుర్చీ కదలదు. ఆవిడ సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది.

మెకానిక్ తన షాపులో, ఎవరో పారేసిన పాత పళ్ళ కుర్చీలో వెనక్కి వాలి పడుకుని ఉన్నాడు.

"అన్నా, ఆదివారం వస్తానన్నావట?"

"ఎవరన్నారు?"

"నువ్వే. మంగళవారం రాశావు. ధన్యవాదాలు కూడా చెప్పావు."

అతను దిగ్గున లేచి కూర్చున్నాడు. "నీకు నేను ధన్యవాదాలు చెప్పానా చెల్లెమ్మా? నాకు జ్వరంగానీ వచ్చిందా?"

లోపలి నుంచి అతని భార్య వచ్చింది. "ఆయన కాదమ్మా, ఫోను. మోగితే తీయరు, మెసేజ్ వస్తే చూడరు. మా అల్లుడు చూడలేక అందులో ఏఐ పెట్టి వెళ్ళాడు. అందరికీ అదే మర్యాదగా జవాబు చెప్పేస్తుంది."

"ఎంత మర్యాదగా వదినా?"

ముగ్గురూ ఫోను మీదికి వంగి చూశారు. అదే ఆదివారం, అదే ఆరు గంటలకు, అతను నాలుగు ఆసుపత్రులకు తప్పకుండా హాజరవుతున్నాడు. నాలుగు చోట్లా సంతోషంగానే.

"ఓసి నీ మర్యాద పాడుగాను! నన్ను నాలుగు ముక్కలు చేసి పంచిపెట్టావటే!" అని అతను ఫోనును తిట్టాడు.

గడువమ్మ మిగతా మూడు చోట్లకూ వరసగా ఫోన్ చేసింది. మొదటి చోట రిసెప్షన్ అమ్మాయి, "మెకానిక్కా? మేమెవరినీ పిలవలేదే! ఉండండి... అయ్యో, మా ఏఐ పిలిచినట్టుంది. కుర్చీ బాగానే ఉందండీ," అంది. రెండో చోట డాక్టరే ఎత్తి, ఆరునెలలకోసారి కుర్చీ చూపించమని తన ఏఐ గుర్తు చేస్తే ఊఁ అన్నానని, వచ్చే నెలైనా పర్వాలేదని చెప్పాడు. మూడో ఆసుపత్రి మూతపడి రెండు నెలలైంది. డాక్టరు ఇంట్లో మనవరాలిని ఆడిస్తున్నాడు. ఆయన ఏఐ మాత్రం మానకుండా మెకానిక్‌ను పిలుస్తూనే ఉంది.

"అంటే ఫోనూ ఫోనూ మాట్లాడుకున్నాయా?" అంది వదిన.

"మాట్లాడుకోవడమా! చూడు, ఇది ధన్యవాదాలంది. అది మీకే ధన్యవాదాలంది. ఇది మరీ మరీ అంది. తొమ్మిది ఉత్తరాలు వదినా, పళ్ళ ఊసే లేదు!"

వదిన స్టూలు మీద కూలబడి పొట్ట పట్టుకుంది. గడువమ్మకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మెకానిక్ కోపంగా ఉండాలని కాసేపు ప్రయత్నించి, తనూ ఓడిపోయాడు.

నవ్వు తగ్గాక గడువమ్మ ముఖం తుడుచుకుంది. "అన్నా, ఇప్పుడు నేను అడుగుతున్నా, నా నోటితో. ఆదివారం ఆరింటికి పదకొండు కుర్చీలు."

అతను పైకప్పు చూశాడు. చెవి గోక్కున్నాడు. "పదకొండా... మోకాలు నొప్పి... ఏమో మరి, చూద్దాంలే."

గడువమ్మ బస్టాపు దాకా దాదాపు పరిగెత్తింది.

ఆదివారం ఐదున్నరకే అతను గేటు దగ్గర ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఏఐ వేసిన ప్లాను ముచ్చటగా నడిచింది. లారీ వెంట లారీ వచ్చింది, ఏ కుర్చీ ఏ గదిలోకి వెళ్ళాలో ముందే తేలి ఉంది, గడువమ్మ ఒక్కసారి కూడా అరవలేదు. పన్నెండుకల్లా పది కుర్చీలు నిలబడ్డాయి. పదకొండోది పెద్ద డాక్టరుగారి పాత కుర్చీ, ఏనుగంత. అది లారీ తలుపులో పట్టలేదు. మెకానిక్ దాని అడుగుభాగం, చేతులు విప్పి వేరే పంపి, మిగిలింది చక్రాల బండి మీదికి ఎక్కించాడు. బండి కదిలిందో లేదో కుర్చీ వెనక్కి వాలిపోయింది.

"ముందువైపు బరువు కావాలి. ఎవరో ఒకరు కాళ్ళ దగ్గర కూర్చోవాలి," అని అతను అందరినీ ఎగాదిగా చూశాడు. "నువ్వు తేలిక. నువ్వు కుదురుగా ఉండవు. చెల్లెమ్మా, నువ్వెక్కు."

"నేనా!"

"కదలకుండా గంటలకొద్దీ కూర్చోవడం నీకలవాటేగా. మీటింగుల్లో చూడలేదా ఏంటి!"

అలా ఎక్కింది. నలుగురు తోస్తుంటే, మెకానిక్ వెనక నుంచి "కుడికి! గుంత! గుంతరా నాయనా!" అని అరుస్తుంటే, వీధి మొత్తం గడువమ్మ కింద గడగడలాడుతూ వెనక్కి పోయింది. మొదటి గుంతకు ఆవిడ కెవ్వుమంది. రెండో గుంతకు నవ్వొచ్చింది. మూడో గుంత దాటాక ఎదురుగా సారు కారు వచ్చి ఆగింది. సారు అద్దం దించి నోరు తెరిచాడు.

శుక్రవారం నుంచి నాలుక చివర ఆడుతున్న ముక్క సరిగ్గా అప్పుడే గడువమ్మ నోట్లోకి వచ్చింది. "దొరికింది సార్! దొరికిందీ!" అని వీధి అదిరేలా అరిచింది.

సోమవారం ఎనిమిదికి మొదటి రోగి నోరు తెరిచే వేళకు, సారు ఆవిడ ఇచ్చిన కాగితం తెరిచాడు. 'ఎవరు తప్పకుండా అంటే రారో, ఎవరు చూద్దాంలే అంటే వస్తారో నాకు తెలుసు.' ఆయన రెండుసార్లు చదివాడు. "మరి నేను 'కోరుకుంటున్నా' అంటే?"

"నన్ను తీసేస్తామని చెప్పడానికి మీకు ధైర్యం చాలడం లేదని సార్."

సారు దగ్గి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చార్టుల పని ఎలాగూ తప్పింది కాబట్టి, ఇకనుంచి ఒకటి కాదు, మూడు ప్రాజెక్టులు ఒకేసారి చూడమన్నాడు. గడువమ్మ ఆ గది పైకప్పు వైపు చూసింది. "చూద్దాంలే సార్," అంది.

ఉద్యోగం ఉంది, మతీ ఉంది. అయినా ఊరేగింపు కథ ఆగలేదు. గడువమ్మ దాన్ని సరిదిద్దనూ లేదు. అత్తగారికి ఆ కథ నచ్చిందట, వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

మందుల షాపు ఆవిడకు దూరం నుంచి కనిపించనిది ఒక్కటే. ఆ పాత కుర్చీకి బోల్టులు పదహారు, అలాంటివి ఇప్పుడెక్కడా దొరకవు. మెకానిక్ ఎనిమిది ఈ చేతిలో, ఎనిమిది ఆ చేతిలో పోసి, తనకు వెనక నుంచి కనబడేలా పైకెత్తి పట్టుకోమన్నాడు. గడువమ్మ పిడికిళ్ళలో ఉన్నవి అవే. కొత్త భవనంలో లెక్కపెడితే పదహారూ ఉన్నాయి.