ఇంకా రాని పడవలు

మా కంప్యూటర్ మేడమ్ పోయారు. నిన్న పొద్దున్నే నాతో చదివిన స్నేహితుడు ఫోన్ చేసి, "ఒరే, మేడమ్ నేరురా" అన్నాడు. విజయనగరం కాలేజీలో మాకు జాంగో అనే సాఫ్ట్‌వేర్‌తో వెబ్‌సైట్లు కట్టడం నేర్పింది ఆవిడే.

ఆవిడది భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు, చేపల వేట మీద బతికే కుటుంబం. ల్యాబ్‌లో మా పక్కనే కూర్చునేవారు గానీ కీబోర్డు మాత్రం ముట్టేవారు కాదు. "నాకివ్వకు. నువ్వే కొట్టు, తప్పొస్తే ఇద్దరం సూద్దాం" అనేవారు. తప్పు రాగానే జాతరకు బయలుదేరినట్టు ఆవిడ మొహం వెలిగిపోయేది.

ఒక ఏడు తుఫాను హెచ్చరిక వచ్చింది. అప్పటికి మేం మత్స్యకారుల సంఘానికి ఓ సైట్ కడుతున్నాం; హెచ్చరిక రాగానే దాన్నే వాడకంలో పెట్టేశాం. అందులో ఊళ్ళు, ఒక్కో ఊరి కింద దాని పడవలు. పడవ ఒడ్డుకు రాగానే ఊరివాళ్ళు ఫోన్లోనే నమోదు చేస్తారు. ఏ ఊరివి ఎన్ని పడవలు ఇంకా రాలేదో పేజీలో కనపడాలి. నేను ముందు ఇంకా రాని పడవలను మాత్రమే వడకట్టి, వాటిని ఊరి వారీగా లెక్కపెట్టించాను. కాసేపటికే, సైట్‌లో పెట్టిన మా ల్యాబ్ నంబరుకు ఒక ముసలామె ఫోన్.

"బాబూ, మా ఊరి పేరు నేదేటి? మావోలికేటైనాది?"

ఏమీ కాలేదు. వాళ్ళ పడవలన్నీ వచ్చేశాయి. రావలసినది ఒక్కటీ లేకపోయేసరికి ఊరే పేజీలోంచి మాయమైంది. మేడమ్ కుర్చీ లాక్కుని నా పక్కకొచ్చారు.

"ముందే వడకట్టీసినావు, ఊళ్ళు కొట్టుకుపోనాయి. ఊళ్ళన్నీ ఉంచీ. 'రానివి' అన్న ఆ షరతు కౌంట్ లోపలెట్టు. సున్నా కూడా కబురేరా!"

రాసి, రిఫ్రెష్ కొట్టాను. ఊళ్ళన్నీ తిరిగొచ్చాయి! వరసగా సున్నాలు! ల్యాబంతా ఈలలు. ముసలామెకు ఫోన్ చేసి చెబితే, "సల్లగుండు నాయినా" అని ఏడ్చేసింది.

మేడమ్ మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. ఆవిడ ఊరి పేరు ఎదుట ఇంకా ఒకటి అంకె ఉంది.

"ఎవరిది మేడమ్?"

"మా తమ్ముడిది."

అప్పటిదాకా ఆ మాట మాతో అననే లేదు. అందరం ఆ అంకె చుట్టూ మూగాం. రిఫ్రెష్ కొడుతూనే ఉన్నాం.

ఇవాళ నేను ఏ లెక్క రాసినా, ఇందులోంచి ఎవరు జారిపోతున్నారా అని ముందు చూసుకుంటాను. అది ఆవిడ నేర్పిన బుద్ధి. కానీ ఆవిడ పేరు చెప్పగానే నాకు కనపడేది పాఠం కాదు. ఆ ఒకటి చెరిగి సున్నా అయిన క్షణాన, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని కుర్చీ ఎక్కేసి, రెండు చేతులూ పైకెత్తి, "ఒచ్చీసినాడ్రా మావోడు!" అని వరండా దద్దరిల్లేలా అరుస్తున్న మేడమ్.