చక్కెర పోసిన రబ్బరుపాల కప్పు

మలయాలో, మన బంటింగ్ రబ్బరు ఎస్టేట్‌లో నాతో పెరిగినవాళ్లకి రబ్బరుపాల కంపు గుర్తుందా? పోయిన నెల బ్రిటన్‌లో ఒక సముద్రతీరపు పల్లెలో బస చేశాను. ఇంటావిడ తాత మలయాలో రబ్బరు తోటల దొరట. టీ బల్ల మీద ఆవిడ చక్కెర పోసి పెట్టింది, పాలు పట్టడానికి రబ్బరు చెట్టుకు కట్టే పింగాణీ కప్పులో!

మా మామ్మ అలాంటి కప్పుల్లో ఎండిన పాలు గోకి వచ్చి, నాకు అన్నం కలిపేది.

"నీ సెయ్యి కంపు. నాను తినను," అనేదాన్ని.

"ఏటి సెయ్యనమ్మా, ఎంత తోమినా పోదు లా," అంటూ, మాట చివర మలయావాళ్ల 'లా' తగిలించి, చెంచాతో తినిపించేది.

"కప్పు ముచ్చటగా ఉంది కదూ?" అంది ఇంటావిడ.

"మా మామ్మ చేతులు జీవితమంతా దీని కంపే కొట్టాయి," అన్నాను.

ఆవిడ చటుక్కున వేళ్లు తుడుచుకుంది. అది చూసి ఆవిడ మీద కన్నా నా మీదే నాకు రోత పుట్టింది. మామ్మకి అంతకంటే నేనేం తక్కువ చేశాను?